బాగుచేయుటా? మార్చుటా?

చెడిన వస్తువును ఎదుట బెట్టుకొని, దీనిని బాగుచేయించుకొందుమా, తీసివేసి వేరొకటి తెచ్చుకొందుమా యని ఆలోచింపని గృహస్థుడు లేడు. చిరిగిన గొడుగు, కారుచున్న పెంకుటింటి కప్పు, నీరు తోడని మోటారు, ఆగిపోయిన గోడ గడియారము—ఇవి యన్నియు ఏదో యొకనాడు మన నడిగిన ప్రశ్నయే ఇది. గొడుగు విషయమున పొరపాటు పడినచో నష్టము కొద్దిపాటిది. కాని మధ్యతరగతి కుటుంబమున ఇంటి తరువాత అంత ధనము పెట్టి కొను వస్తువు కారు. అందులో గేరుపెట్టె చెడినదని మెకానిక్కు చెప్పిన దినమున ఆ యింటివారికి నిద్ర పట్టుట కష్టము. బాగుచేయించినచో మరల చెడునేమోయని భయము. కొత్తది వేయించినచో బండి వెలలో సగము దానికే పోవునేమోయని భయము. బండినే అమ్మివేయుదమన్నచో చెడిన బండి నెవరు కొందురని భయము. ముందు నుయ్యి, వెనుక గొయ్యి యన్న సామెత ఇట్టి సమయమునకే పుట్టినది కాబోలు.

ఈ చిక్కులో యంత్రశాస్త్రము కొంత, అంకగణితము కొంత, మనుష్యుల నడుమ నుండవలసిన నమ్మకము కొంత కలసియున్నవి. ఒకదానిని విడిచి మరియొకదానితో తీర్పు చెప్పబూనినవాడు తరచుగ నష్టపోవును. కనుక ఈ మూడింటిని వరుసగా పరిశీలించుట యుక్తము.

గేరుపెట్టె ఎందులకు?

ఇంజను ఎద్దువంటిది కాదు. ఎద్దు నిలుచున్న చోటినుండియే బండిని లాగగలదు. మెల్లగా అడుగు వేయునప్పుడే దాని బలము మెండు. పెట్రోలు ఇంజను నిలిచినచో దాని బలము సున్న. నిమిషమునకు ఎనిమిది, తొమ్మిది వందల చుట్లు తిరుగుచు ఊరకయున్నప్పుడు తన్ను తాను తిప్పుకొనుటకే దాని శక్తి చాలును. రెండు మూడు వేల చుట్లకు వచ్చిన గాని అది బరువును హాయిగా లాగజాలదు. బండి చక్రము మాత్రము బయలుదేరునప్పుడు నిశ్చలముగ నుండును. వేగముగా తిరుగుచున్న ఇంజనునకును, కదలని చక్రమునకును సంధి కుదుర్చు మధ్యవర్తియే గేరుపెట్టె.

ఆ సంధి ఎట్లు కుదురునో తరగతిలో నల్లబల్ల మీద చూపవచ్చును. ఒక చిన్న కారులో మొదటి గేరు నిష్పత్తి 3.5 అనియు, తుది పళ్లచక్రముల నిష్పత్తి 4 అనియు కొందము. రెంటిని గుణించినచో 14. అనగా ఇంజను పదునాలుగు చుట్లు తిరిగిన గాని చక్రమొక చుట్టు తిరుగదు. వేగము పదునాలుగవ వంతునకు తగ్గినది గాని, రాపిడిలో పోవు కొద్ది భాగము తప్ప, త్రిప్పు బలము పదునాలుగు రెట్లైనది. ఐదవ గేరు నిష్పత్తి 0.8 అయినచో మొత్తము 3.2 మాత్రమే. చక్రపు చుట్టుకొలత 1.8 మీటర్లైన బండి యొకటి, ఇంజను నిమిషమునకు 2,800 చుట్లు తిరుగుచుండగా, మొదటి గేరులో గంటకు 21.6 కిలోమీటర్లును, ఐదవ గేరులో 94.5 కిలోమీటర్లును పోవును. ఇంజను చేయు ధ్వని రెండు చోట్లను ఒక్కటే. ఒకచోట బలము కొన్నాము, వేగమమ్మినాము; రెండవచోట వేగము కొన్నాము, బలమమ్మినాము. ఈ బేరము దినమునకు కొన్ని వందలసార్లు జరుగును. ఆ బేరపు బరువంతయు కొన్ని ఉక్కు పళ్ల మీదను, కొన్ని బేరింగుల మీదను, కొద్ది లీటర్ల ఆయిలు మీదను పడును. చెడుటలో ఆశ్చర్యము లేదు. ఇన్నేండ్లు చెడకుండుటయే ఆశ్చర్యము.

మొరటు పద్ధతి నుండి మృదువైన పద్ధతికి

మోటారు బండ్లు పుట్టిన తొలినాళ్లలో తోలుపట్టీలతోను గొలుసులతోను ఈ పని సాగుచుండెను. 1890వ దశకపు ఆరంభమున ఫ్రాన్సు దేశీయుడగు ఎమిల్ లెవస్సార్ ముందు ఇంజను, దాని వెనుక క్లచ్చి, ఆ వెనుక పళ్లచక్రముల పెట్టె అను వరుసను నెలకొల్పెను. చిన్న పెద్ద చక్రములను షాఫ్టు మీద జరిపి ఒకదానితో నొకటి కలుపుట ఆయన పద్ధతి. ఇది మొరటు పనియే గాని నడచుచున్నదని ఆయనయే యనెనని చెప్పుదురు. తిరుగుచున్న రెండు చక్రముల పళ్లను బలవంతముగ కలుపునప్పుడు కీచుధ్వనియు, పళ్లరుగుటయు తప్పకుండెను. ఆనాటి డ్రైవరు క్లచ్చి త్రొక్కి, గేరు తీసి, క్లచ్చి వదలి, ఇంజను వేగమును సరిపుచ్చి, మరల క్లచ్చి త్రొక్కి వేరొక గేరు వేయవలసి యుండెను. అది ఒక విద్య.

ఆ శ్రమను తొలగించినవాడు అమెరికా ఇంజనీరు ఎర్ల్ థాంప్సన్. ఆయన కల్పించిన సింక్రోమెష్ 1928లో కాడిలాక్ బండ్లలో ప్రవేశించెను. అందలి రహస్యము సులభమైనది. పళ్లు కలియుటకు ముందు శంకువు ఆకారము గల రెండు తలములు ఒరసికొని, రాపిడిచేత చక్రముల వేగమును సమానము చేయును. పిమ్మట పళ్లు చప్పుడు లేక కలియును. నేటి బండ్లలో ఆ పనిని ఒక చిన్న ఉంగరము చేయును; చాలవరకు అది ఇత్తడి జాతి లోహముతో చేసినది. పెద్ద చక్రములు అరుగకుండుటకై ఈ చిన్న ఉంగరము అరుగును. గేరుపెట్టె మరమ్మతులో అన్నిటికంటె తరచుగ మార్చబడు వస్తువులలో ఇది యొకటి. ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను. మున్ముందు దీనితో పనియున్నది.

మన దేశమున మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై తయారైన అంబాసిడరును ఎరుగని వారరుదు. 1950వ దశకపు చివరినుండి 2014 మే నెలలో ఉత్తరపాడా కర్మాగారమున ఉత్పత్తి ఆగువరకు అది ఈ దేశపు రోడ్లను ఏలినది. చాలకాలము దాని గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కనే యుండెను. పాత నమూనాలలో మొదటి గేరునకు సింక్రో సదుపాయము లేదు. బండి పూర్తిగా నిలువకమునుపే మొదటి గేరు వేయబోయిన కొత్త డ్రైవరు సంగతి ఆ చప్పుడును బట్టి వీధి కంతటికిని తెలిసిపోవుచుండెను. ఆ గేరుపెట్టెను విప్పి, అరిగినవి తీసి, కొత్తవి వేసి మరల బిగించుట మన మెకానిక్కులకు కరతలామలకము. నాడు మార్పిడి యన్న మాట అంతగా వినబడలేదు. కారణము నీతి కాదు, ధర. పనితనము చౌక, యంత్రము ప్రియము. పనివాని కూలి హెచ్చుగ నున్న అమెరికా వంటి దేశములలో పెట్టెను విప్పి కూర్చొనుటకంటె, కర్మాగారమున బాగుచేసి యుంచిన వేరొక పెట్టెను బిగించుట లాభమైనది. ఒక దేశమున వివేకమనిపించునది మరియొక దేశమున దుబారా యనిపించుట ఇందువలననే.

క్లచ్చియే లేని బండ్లు తరువాత వచ్చినవి. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ ఓడల కొరకు ద్రవము ద్వారా బలమును పంపు యంత్రమునకు 1905లో పేటెంటు పొందెను. ఆ సూత్రము కార్లలోనికి దిగినది. పైన చెప్పిన థాంప్సన్ నాయకత్వమున రూపొందిన హైడ్రామాటిక్ అను ఆటోమేటిక్ గేరుపెట్టెను 1939లో ఓల్డ్‌స్మొబైల్ బండ్లకు అమర్చిరి. హాలెండులో డాఫ్ సంస్థ 1958లో పళ్లు లేని పద్ధతిని, పట్టీయు కప్పీలును గల దానిని, కారులో ప్రదర్శించెను, నేటి సి.వి.టి. బండ్లకు అది పూర్వరూపము. రెండు క్లచ్చిలు గల పెట్టె 2003లో వోక్స్‌వాగన్ బండిలో అమ్మకమునకు వచ్చెను. సాధారణ గేరుపెట్టెకే యంత్రహస్తము తగిలించిన ఎ.ఎం.టి. మన దేశపు చిన్న కారులో 2014లో మారుతి సెలెరియోతో వాడుకలోనికి వచ్చెను.

రోగమెక్కడ?

ఇంత చరిత్ర చెప్పుటకు కారణము కలదు. గేరుపెట్టె చెడినదని అందరును ఒకే మాట యందురు గాని, ఏ జాతి పెట్టె, అందులో ఏ భాగము అన్నది తెలియక చికిత్స నిర్ణయింపరాదు. రోగమొకటి, మందొకటి యైనచో ధనము పోవును, రోగము నిలుచును.

మొదట తెలిసికొనవలసినది, తప్పు గేరుపెట్టెది అగునా కాదా యన్నది. గేరు గట్టిగా పడుచున్నదన్న బండ్లలో కొన్నిటికి క్లచ్చి ప్లేటు అరిగియుండును. కొన్నిటికి క్లచ్చి కేబులు సాగియుండును. కొన్నిటికి గేరు కడ్డీ కేబులు బిగిసియుండును. పెట్టెను పట్టుకొను రబ్బరు మౌంటింగు చీలినను కుదుపు కలుగును. ఆయిలు కారి మట్టము తగ్గినను ధ్వని పుట్టును. ఇవి యన్నియు పెట్టెను విప్పకయే తీరు బాధలు.

పెట్టెలోని జబ్బునకు గుర్తులు వేరు. బండి నిలిచి, గేరు లేక, ఇంజను నడచుచుండగా ఒక ఝంకారము వినబడి, క్లచ్చి త్రొక్కినంతనే ఆగినచో, లోపలి ముందు షాఫ్టు బేరింగును అనుమానింపవలెను. క్లచ్చి త్రొక్కినప్పుడే ధ్వని పుట్టినచో అది క్లచ్చి బేరింగు, పెట్టె నిర్దోషి. ఒకే గేరులోనికి మార్చునప్పుడు గరగరలాడి, తక్కిన గేర్లు మెత్తగా పడినచో, ఆ గేరు ఉంగరము అరిగినదని ఊహింపవచ్చును. పడిన గేరు దానంతటదియే జారి వెలికి వచ్చినచో పళ్ల అంచులు గుండ్రబడియుండును, లేదా పట్టియుంచు స్ప్రింగు బలహీనమై యుండును. ఆటోమేటిక్ బండిలో ఇంజను చుట్లు పెరిగినను బండి వేగము పెరుగనిచో లోపలి క్లచ్చిలు జారుచున్నవని అర్థము. ఆయిలు నల్లబడి మాడిన వాసన వేసినచో ఆ అనుమానము బలపడును.

ఆయిలు సంగతి వచ్చినది గనుక ఒక వింత చెప్పవలెను. ఆటోమేటిక్ పెట్టెలలో వాడు ద్రవమున ఒకప్పుడు స్పెర్మ్ తిమింగలపు నూనె ముఖ్యమైన దినుసు. క్లచ్చి పట్టు మెత్తగా నుండుటకు అది తోడ్పడెడిది. 1970వ దశకపు తొలి సంవత్సరములలో అమెరికా ప్రభుత్వము ఆ జీవిని కాపాడుటకై దాని నూనెను నిషేధింపగా, అంతకు సాటియగు కృత్రిమ దినుసుల కొరకు రసాయనికులు చాల శ్రమపడవలసి వచ్చెను. ఒక గేరుపెట్టె ఆయుర్దాయము అందలి ద్రవముపై ఎంతగా ఆధారపడియున్నదో ఈ ఉదాహరణ చాటుచున్నది. కంపెనీ చెప్పిన ఆయిలు గాక చేతికి దొరికినది పోయువాడు తన చేతులారా చేటు తెచ్చుకొనుచున్నాడు.

నాలుగు త్రోవలు

రోగము తేలిన పిమ్మట గృహస్థుని ముందు నాలుగు త్రోవలుండును. చెడిన భాగమును మాత్రమే మార్చుట మొదటిది. పెట్టెను పూర్తిగా విప్పి, బేరింగులు, సీళ్లు, ఉంగరములు అన్నియు కొత్తవి వేయు ఓవర్‌హాలు రెండవది. విడగొట్టిన మరొక బండినుండి తీసిన పాత పెట్టెను బిగించుట మూడవది. కంపెనీనుండి కొత్త పెట్టెను తెప్పించుట నాలుగవది.

మొదటి త్రోవ చౌకగా కనబడును; కాని కూలి సంగతి మరువరాదు. పెట్టెను బండినుండి దింపుట, ఎక్కించుట అన్నది పెద్ద పని. లోపల మార్చునది నూరు రూపాయల సీలైనను, వేల రూపాయల బేరింగులైనను, ఆ కూలి ఒక్కటే. కనుక ఒకసారి విప్పిన పిమ్మట త్వరలో చెడనున్న సామానులను గూడ మార్చుటయే మితవ్యయము. క్లచ్చి ప్లేటు సగమరిగినచో దానిని అప్పుడే మార్చుమని అనుభవజ్ఞుడగు మెకానిక్కు చెప్పుట ఇందుకే. అది ఎల్లప్పుడును దురాశ కాదు.

రెండవ త్రోవ సాధారణ గేరుపెట్టెలకు మేలైనది. చక్రముల పళ్లు, షాఫ్టులు, పైకవచము చెక్కుచెదరక యున్నచో తక్కినవి యన్నియు మార్చదగినవే. ఎ.ఎం.టి. బండిలో తరచుగ చెడునది పెట్టె కాదు, దానిని త్రిప్పు యంత్రహస్తము. దానిని విడిగా బాగుచేయవచ్చును. సి.వి.టి. సంగతి వేరు. అందలి ఉక్కు పట్టీ జారి కప్పీల నునుపైన తలముపై గీతలు పడినచో, ఆ ఖండములన్నియు కలిపి మార్చవలసి వచ్చును. అప్పుడు ఓవర్‌హాలునకును కొత్త పెట్టెకును వెలలో భేదము తగ్గిపోవును. ఆటోమేటిక్ పెట్టెలో ఒక్కొక్కప్పుడు విద్యుత్తుచే కదలు చిన్న వాల్వు చెడుటచేతనే పెట్టె యంతయు చెడినట్లు కనబడును.

మూడవ త్రోవకు మన తెలుగునాట ఆలవాలము ఆటోనగరులు. 1960వ దశకమున విజయవాడలో ఏర్పడిన జవహర్ ఆటోనగరు, విశాఖపట్టణమున గాజువాక ఆటోనగరు మున్నగు చోట్ల బండ్లను విడగొట్టువారు, కట్టువారు, లేతు పనివారు, స్ప్రింగులు సాగగొట్టువారు ఒకే చోట కాపురముందురు. అక్కడ పాత పెట్టె త్వరగా దొరకును. ఒకటి రెండు దినములలో బండి రోడ్డెక్కును. కారునే జీవనాధారముగా నడుపుకొను వానికి, బండి షెడ్డులో నిలిచిన ప్రతిదినమును సంపాదన పోయిన దినమే. అతనికి ఈ వేగము ధనముతో సమానము. కాని ఆ పెట్టె ఎన్ని వేల కిలోమీటర్లు నడచినదో, అందులో ఏ ఆయిలు పోసిరో చెప్పగలవారు లేరు. చెడినచో మార్చియిచ్చెదమను మాట ఎన్ని దినములకు వర్తించునో, అందులో దింపి ఎక్కించు కూలి చేరియున్నదో లేదో కాగితముపై వ్రాయించుకొనవలెను.

నాలుగవ త్రోవ నిశ్చింతకు మార్గము, వెల హెచ్చు. వారంటీ యుండునేని ఆ హెచ్చులో కొంతభాగము బీమా వంటిది.

ఒక లెక్క

మరమ్మతు ఖర్చు బండి వెలలో సగమును మించినచో బండిని వదలివేయుమని లోకమున ఒక సూత్రము కలదు. వినుటకు బాగుగనే యున్నది. కాని లెక్క వేసి చూచినచో అది పోల్చరాని వాటిని పోల్చుచున్నదని తెలియును.

ఒక ఉపాధ్యాయుని బండిని తీసికొందము. ఇందలి అంకెలు ఊహించినవి. చదువరులు తమ తమ అంకెలను వాని స్థానమున వేసికొనవచ్చును. బండికి తొమ్మిదేండ్లు. చెడిన గేరుపెట్టెతో ఇప్పుడే అమ్మినచో 80,000 రూపాయలు వచ్చును. బాగైన పిమ్మట అమ్మినచో 1,40,000 పలుకును. ఓవర్‌హాలునకు 35,000, కొత్త పెట్టెకు 90,000. తక్కిన మరమ్మతులు ఏడాదికి 15,000. మూడేండ్లు నడిపి అమ్మినచో 80,000 వచ్చునని కొందము.

బండి నుంచుకొన్నచో, ఇప్పుడు రాదగిన 80,000 వదలుకొన్నట్లే. దానికి ఓవర్‌హాలు 35,000, మూడేండ్ల మరమ్మతులు 45,000 కలిపినచో 1,60,000. తుదకు వచ్చు 80,000 తీసివేయగా నికర వ్యయము 80,000. ముప్పదియారు నెలలకు పంచినచో నెలకు 2,222 రూపాయలు.

దీనిని వదలి 4,00,000 పెట్టి మరొక వాడిన బండిని కొన్నాడనుకొందము. మూడేండ్లకు దాని వెల 2,50,000కు దిగును, తరుగు 1,50,000. మరమ్మతులు 24,000, పేరు మార్పునకును, హెచ్చు బీమాకును 10,000. వెరసి 1,84,000; నెలకు 5,111 రూపాయలు. అప్పు చేసినచో వడ్డీ దీనికి అదనము.

ఇక ఓవర్‌హాలు కుదరక కొత్త పెట్టెయే వేయించెననుకొందము. నికర వ్యయము 1,35,000, నెలకు 3,750. ఇక్కడ 90,000 అన్నది బండి వెలలో సగమును దాటినది. లోకసూత్రము ప్రకారము బండిని వదలివేయవలెను. కాని లెక్క మాత్రము ఉంచుకొనుటయే మేలనుచున్నది. బండి వెలకును మరమ్మతు వెలకును పోలిక వేయుట కాదు, ఈ బండితో రాబోవు మూడేండ్లకును వేరు బండితో రాబోవు మూడేండ్లకును పోలిక వేయుటయే సరియైన పద్ధతి.

అయితే ఈ లెక్కలోనే ఒక ఉచ్చు కలదు. అదే బండికి ఇంజను పొగ చిమ్ముచు, అడుగు రేకు తుప్పుపట్టి, మూడేండ్లలో మరి 70,000 రూపాయల పని తగులునట్లున్నచో, కొత్త పెట్టెతో నికర వ్యయము 2,05,000 అగును, నెలకు 5,694. అప్పుడు వేరు బండియే చౌక. కనుక గేరుపెట్టె చెడినప్పుడు మొదట పరీక్షింపవలసినది గేరుపెట్టెను కాదు, తక్కిన బండిని. ఇంజను, అడుగు రేకు, స్టీరింగు, బ్రేకులు బాగున్నవా? బాగున్నచో పెట్టెపై ధనము పెట్టవచ్చును. లేనిచో ఎంత మంచి పెట్టెయైనను కూలనున్న ఇంటికి టేకు తలుపు వంటిదే.

వయస్సును గూడ లెక్కింపవలెను. మన దేశమున సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును; పరీక్షలో నెగ్గినచో ఐదేండ్ల చొప్పున పొడిగింతురు. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిలు నుండి 600 రూపాయలనుండి 5,000కు పెంచబడెను. పాతబడిన బండ్లను తుక్కు చేయించు విధానమును కేంద్ర ప్రభుత్వము 2021లో ప్రకటించెను. తొమ్మిదేండ్ల బండికి కొత్త పెట్టె వేయుట వేరు, పదునాలుగేండ్ల బండికి వేయుట వేరు.

పాత పెట్టెకును ఓవర్‌హాలునకును పోలిక వేయుటలో సంభావ్యతా గణితము తోడ్పడును. పాత పెట్టె కూలితో కలిపి 33,000 అనియు, పదింట మూడు త్వరలోనే చెడి మరల అంతయు పెట్టవలసి వచ్చుననియు అనుకొన్నచో, సగటున దాని అసలు వెల 42,900. ఓవర్‌హాలు 35,000 అయి, పదింట ఒకటి మాత్రమే విఫలమైనచో సగటు వెల 38,500. చౌకగా కనబడినది చౌక కాదు. విద్యార్థులు ఆ మూడును రెండుగా మార్చి చూచినచో ఏమగునో తామే కనుగొనవచ్చును.

ఇంకొక మాట. గడచిన యేడు టైర్లకు ఇరువదివేలు పెట్టితిని, ఇప్పుడు వదలివేయుట యెట్లని పలువురు వాపోవుదురు. పోయిన ధనము ఏ త్రోవ పట్టినను తిరిగి రాదు, దానిని లెక్కింపరాదు. కాని మిగిలియున్న టైరు కొన్నేండ్లు పని చేయును. దానిని తప్పక లెక్కింపవలెను. పెట్టిన ఖర్చును మరచి, మిగిలిన ఉపయోగమును చూచుటయే ఇందలి వివేకము.

తెరచి చూచు హక్కు

లెక్క యెంత శుద్ధమైనను, అందు వేసికొను అంకెలు నిజమైనవి కావలెను. వానిని చెప్పువాడు మెకానిక్కు. పెట్టె తెరువక పూర్వము ఖర్చింతయని ఖండితముగ చెప్పగలవాడు లేడు, చెప్పినచో అనుమానింపవలెను. కనుక తెరచుటకు కూలి ముందుగా నిర్ణయించుకొని, తెరచిన పిమ్మట బండి యజమాని చూచునంతవరకు సామాను కదలింపవలదని కోరుట మర్యాదయే. ఆయిలు తీయు బిరడాకు చాల పెట్టెలలో అయస్కాంతముండును. దానిపై బూడిదరంగు మెత్తని ముద్ద యున్నచో అది సహజమైన అరుగుదల. ఉక్కు తునకలు, పంటి ముక్కలు కనబడినచో పెద్ద చక్రమే విరిగినదన్నమాట. పసుపువన్నె పొడి మెరసినచో ఉంగరములరిగినవి. ఈ మూడు గుర్తులు ఎరిగినవానిని మోసగించుట సులభము కాదు. మార్చిన పాత సామానులను తిరిగి ఇమ్మని అడుగుట మరువరాదు. మంచి మెకానిక్కు దీనికి కోపగింపడు. తన పనితనమును చూపుకొనుటకు అవకాశమని సంతోషించును.

మెకానిక్కునకును ఒక ఇబ్బంది యున్నది. విడి సామాను దొరకక, మరమ్మతు పుస్తకము చేతికందక, కంప్యూటరు సంకేతములను చదువు సాధనము లేక, బాగుచేయదగిన పెట్టెను గూడ మార్చుడని చెప్పవలసివచ్చు సందర్భములు కలవు. ఈ విషయమే 2014 ఆగస్టులో భారత కాంపిటిషన్ కమిషను ఎదుట తేలినది. విడి సామానులను, సాంకేతిక సమాచారమును స్వతంత్రులగు మెకానిక్కులకు అందనీయలేదని పదునాలుగు కార్ల కంపెనీలకు కమిషను 2,544 కోట్ల రూపాయలకు మించిన అపరాధము విధించెను. కంపెనీలు ఆ తీర్పుపై న్యాయస్థానముల కెక్కినవి. 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వము బాగుచేయించుకొను హక్కును గూర్చి ఒక సంఘము నియమించి, అందులో వ్యవసాయ పరికరములతోడను సెల్‌ఫోనులతోడను మోటారు బండ్లను గూడ చేర్చెను. బాగుచేయుటా, మార్చుటా యని ఎంచుకొనుటకు మొదట ఆ రెండు త్రోవలును తెరచియుండవలెను గదా! విడి ఉంగరము అమ్మబడని దేశమున యజమాని వివేకమునకు చోటు లేదు; అతడు ఎంచుకొనుట లేదు, లోబడుచున్నాడు.

రేపటి ప్రశ్న

విద్యుత్తుతో నడచు కార్లలో ఈ పెట్టె చాలవరకు అదృశ్యమైనది. విద్యుత్తు మోటారు ఎద్దువంటిది. నిలుచున్న చోటినుండియే నిండు బలముతో లాగగలదు. అందుచేత వానిలో పెక్కింటికి ఒకే నిష్పత్తి గల చిన్న చక్రముల జంట చాలును. ఉంగరములు లేవు, గేరు మార్చు కడ్డీ లేదు. కాని ప్రశ్న పోలేదు, బ్యాటరీలోనికి తరలినది. బ్యాటరీ అనగా అనేక ఖండముల కూర్పు. ఒక ఖండము నీరసించినచో దానిని మాత్రమే మార్చుటా, మొత్తము కూర్పునే మార్చుటా? ఆ కూర్పును విప్పుటకు వీలుగా చేసిరా, జిగురుతో మూసిరా? విప్పుట నేర్చిన పనివారు మన ఆటోనగరులలో తయారగుచున్నారా? నేటి తరగతి గదిలో కూర్చున్న బాలుడు పెద్దవాడై బండి కొనునాటికి అతడు తేల్చుకొనవలసినవి ఇవియే.

యంత్రము మారినను విచారణ క్రమము మారదు. రోగము నిజముగా ఎక్కడున్నది? తక్కిన శరీరము గట్టిగా నున్నదా? రాబోవు సంవత్సరములలో ఏ త్రోవకు ఎంత ఖర్చు? చెప్పువాని మాటను చూచి నిర్ధారించుకొను వీలు కలదా? ఈ నాలుగింటికి సమాధానము దొరికిన పిమ్మట బాగుచేయించినను మంచిదే, మార్చినను మంచిదే. సమాధానము దొరకకమునుపే భయముచేత మార్చువాడును, మమకారముచేత బాగుచేయించువాడును ఒకే తప్పు చేయుచున్నారు. మొదటివాడు సాగదగినదానిని పారవేయును. రెండవవాడు సాగనిదానికి ధారపోయును. గేరుపెట్టెను తెరచుటకు పానా కావలెను. ఆ తీర్పు చెప్పుటకు మాత్రము ఒక తెల్లకాగితము, ఒక పెన్సిలు, ఒక పూట నిదానము చాలును.